తాడుకు ఎదురెళ్ళిన కర్రి

కాలువ గట్టున ఒక రైసు మిల్లు. మిల్లు ముందు ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళం, వెనక ఊక పోగు, పక్కన తవుడు కొట్టు. కొట్టుకీ ఊక పోగుకీ మధ్య ఒక పల్లం ఉండేది. వాన పడితే అందులో నీళ్ళు నిలిచిపోయేవి. ఆ ఆవరణలో మనుషుల పెత్తనం పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకానే. తక్కిన వేళల్లో పెత్తనం నాలుగు కుక్కలది. ఆ నాలుగింటికీ పెద్ద కర్రి.

కర్రి నల్లటి ఆడకుక్క. ఎనిమిదేళ్ళది. కుడి చెవి సగమే ఉంది. మిల్లు చుట్టూ మూడుసార్లు తిరిగి వస్తే గాని పొద్దున్న అన్నం గిన్నె ముట్టేది కాదు. తన కింద ఉన్నవాళ్ళనూ ముట్టనిచ్చేది కాదు.

ఆ కింది వాళ్ళు ముగ్గురు. పులిగాడికి ఒంటి మీద చారలున్నాయని ఆ పేరు పెట్టారు. పేరు పెట్టాక పొగరు దానంతట అదే వచ్చింది. బొచ్చుగాడు తిండిపోతు. తెల్లి పిరికిది, కానీ చెప్పిన మాట వింటుంది. వీళ్ళు కాక మిల్లు బండి లాగే ముసలి ఎద్దు మైలయ్య ఉన్నాడు. నిదానస్తుడు. ఒక మాట అడిగితే నెమరు అయ్యాక బదులు చెప్పేవాడు. సేతు అనే తెల్లటి కోడిపుంజు కూడా ఉంది. సేతు కడుపులో గింజ ఆగుతుంది గాని మాట ఆగదు.

వీళ్ళందరికీ పగవాడు బుంగయ్య. పిల్లి కూడా తప్పుకుపోయేంత పెద్ద పందికొక్కు. కొట్టు పునాది కింద ముందొక బుంగ, వెనకొక బుంగ తవ్వి, మూడు తరాల సంతానాన్ని అందులో కాపురం పెట్టాడు. కుక్కలు కాపలా ఉన్నంత కాలం రేయి చాటున గుప్పెడు తవుడు ఎత్తుకుపోవడమే తప్ప కళ్ళం మీద కాలు పెట్టే వీలు లేదు. ఆ కుక్కలు లేకపోతే? బుంగయ్య బతుకంతా ఆ ఒక్క ఆలోచనే.

కుక్కలకు తాతల నాటి నుంచి రెండు చట్టాలున్నాయి. ముక్కు మంచిదంటే మంచిది, ముక్కు చెడ్డదంటే చెడ్డది. ఇది మొదటిది. తాడు కనిపిస్తే పారిపో. ఇది రెండోది. కుక్కల బండి వాళ్ళు తాడుతో వచ్చిన రోజుల్లో పుట్టిన చట్టం అది. రోజులు మారినా చట్టం మారలేదు.

ఆషాఢం వచ్చింది. నాలుగో నాటికి పల్లం నిండింది. ఐదో నాడు మైకు కట్టిన ఆటో ఒకటి గట్టు మీదుగా అరుచుకుంటూ వెళ్ళింది.

"కుక్కలకు ఎలుక జ్వరం రాకుండా పశువుల ఆసుపత్రిలో ఉచితంగా టీకాలు! శుక్రవారం పొద్దున్న ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా! మీ కుక్కలకు తాడు కట్టి తీసుకురండి!"

తాడు అన్న మాట చెవిన పడగానే తెల్లి బండి కిందికి దూరింది. పులిగాడు కాలువ వైపు రెండు గంతులు వేసి, ఎవరైనా చూశారేమోనని ఆగి, కాలు ఎత్తి గోడ తడిపి, అందుకే వచ్చినట్టు తిరిగి వెళ్ళాడు.

కర్రి కదల్లేదు. ఆటో గొంతు వినబడినంత సేపూ చెవిన్నర నిలబెట్టి విన్నది.

ఆ మాటలు కొట్టు కింద బుంగయ్య కూడా విన్నాడు. మర్నాడు పొద్దున్నే సేతు గింజలు ఏరుకుంటున్న చోటికి చిన్నగా వచ్చాడు.

"సేతుగారూ, బాగున్నారాండీ?"

"నువ్వా! దగ్గరికి రాకు. ముక్కుతో పొడిచానంటే కన్ను పోద్ది."

"అయ్యో, నేనెందుకు వస్తానండీ. పాపం, ఆ కుక్కల గురించి మనసు ఉండబట్టలేక వచ్చాను. పగవాళ్ళైనా ఇరుగుపొరుగు వాళ్ళే కదండీ."

"ఏం, వాటికేమైంది?"

"ఇంకా ఏమీ అవలేదు. శుక్రవారం అవుద్ది. ఆ సూది పడిందంటే కుక్క ముక్కు మొద్దుబారిపోద్దంట. మసాలాకీ మట్టికీ తేడా తెలీదంట. అవతలి ఊళ్ళో ఒక కుక్క యజమానినే దొంగనుకొని కరిచిందంట. మీరు మాత్రం ఎవరికీ చెప్పకండేం."

ఎవరికీ చెప్పొద్దన్న మాట సేతుకు చెబితే ఊరంతా దండోరా వేయించినట్టే. పొద్దు నెత్తి మీదికి రాకముందే నాలుగు కుక్కలకూ, ఎద్దుకూ, గోడ మీద కాకులకూ విషయం తెలిసిపోయింది.

"ముక్కు పోయాక కుక్క ఎందుకు, చీపురు ఎందుకు?" అన్నాడు పులిగాడు. "శుక్రవారం నేను కాలువ అవతల ఉంటా. ఎవరొస్తారో రండి."

"అన్నం వాసన కూడా తెలీదా?" బొచ్చుగాడు గిన్నె వైపు చూశాడు.

"నీకు అన్నం వాసన ఎందుకురా, చప్పుడు వినబడితే చాలదూ?" అన్నాడు పులిగాడు.

"కర్రక్కా, నువ్వేమంటావు?" అంది తెల్లి.

కర్రి బండి పక్కకు వచ్చి అందరి ఎదుటా కూర్చుంది. ఆమె మాటలు ఎప్పుడూ తక్కువే. ఆ రోజు మాత్రం గొంతు సవరించుకోవలసి వచ్చింది.

"మాచ గుర్తున్నాడా?"

అందరూ తలలు దించుకున్నారు. మాచ కర్రి తోడబుట్టినవాడు. కిందటేడు ఇదే వానల్లో పోయాడు.

"ఈ పల్లంలో నీళ్ళు తాగబోతూ నన్ను అడిగాడు. నేను కూడా మూతి పెట్టి చూశాను. ఏ వాసనా తగల్లేదు. తాగరా అన్నాను. వారం తిరక్కుండా అన్నం మానేశాడు. వెనక కాళ్ళు ఈడ్చాడు. కళ్ళు పసుపు ముద్దలయ్యాయి. అప్పుడు తెలిసింది. ఆ నీళ్ళలో బుంగయ్య వాళ్ళు ఉచ్చ పోస్తారు. జ్వరం వాళ్ళ ఒంట్లోనే కాపురం ఉంటుంది, వాళ్ళకు మాత్రం కీడు చెయ్యదు. వానకు వాసన కొట్టుకుపోతుంది, జ్వరం కొట్టుకుపోదు. మన ముక్కుకు దొరకని దొంగ అది."

"అది నీ తప్పు కాదు అక్కా. ఎవరికి తెలుసు?" అంది తెల్లి.

"అది కాదు. అసలు తప్పు వినండి. కిందటేడు కూడా ఈ ఆటో వచ్చింది. మన కాపలాదారు లోవరాజు తాడు పట్టుకొని వచ్చాడు. పారిపొండ్రా అని మొదట మొరిగింది ఎవరు?"

కర్రి అందరి వైపూ ఒకసారి చూసింది.

"నేనే. మాచగాడు నిలబడి తోక ఊపుతుంటే, పిరుదు మీద కరిచి మరీ తరిమాను. వాడి సూది నేను తప్పించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకొని ఏం లాభం? ఈసారి ముందే పట్టుకుంటాను. శుక్రవారం నేను వెళ్తున్నాను."

"ముక్కు పోతే?" అన్నాడు పులిగాడు.

"పోతే పోయింది. ముక్కున్న మాచ ఏడి?"

మైలయ్య నెమరు ఆపాడు. "మాకు ఆరు నెలలకోసారి గాలికుంటు సూది వేస్తారర్రా. పన్నెండేళ్ళుగా వేయించుకుంటున్నాను. నా కొమ్ములు ఏమన్నా రాలిపోయాయా?" అని, మళ్ళీ నెమరు మొదలుపెట్టాడు.

శుక్రవారం వచ్చింది. మిల్లు కాపలాదారు లోవరాజు నాలుగు తాళ్ళు భుజాన వేసుకొని గేటు దగ్గర నిలబడ్డాడు. కిందటేడు నాలుగు ఫర్లాంగులు పరిగెత్తి, బురదలో పడి, చెప్పు పోగొట్టుకున్నాడు గనక ఈసారి లుంగీ ఎగ్గట్టుకొని వచ్చాడు.

అతను ఇంకా అడుగు వెయ్యకముందే కర్రి లేచింది. కాళ్ళు వెనక్కి లాగాయి. ఎనిమిదేళ్ళుగా తాడంటే పరుగే తెలిసిన ఒళ్ళు అది. ఒళ్ళు చెప్పినట్టల్లా వింటే పెద్దరికం ఎందుకు? కళ్ళం మధ్య నుంచి, అందరూ చూస్తుండగా, తిన్నగా నడిచి వెళ్ళి మెడ చాచి నిలబడింది.

లోవరాజు నోరు తెరిచాడు. "ఓసి నీ తెలివి తెల్లారా! కిందటేడు నన్ను బురదలో పొర్లించింది నువ్వేనా?"

గంటలో కర్రి తిరిగి వచ్చింది. మెడ దగ్గర చిన్న చెమ్మ తప్ప ఒంటి మీద మరో మచ్చ లేదు. సేతు గోడ మీదికి ఎగిరి, "ముక్కుందా? ముక్కుందా?" అని అరిచింది.

"అడగడం ఎందుకు? చూడండి. తెల్లీ, వీధిలో ఎండుచేప తల ఒకటి పడుంది. తీసుకెళ్ళి నీ ఇష్టమొచ్చిన చోట దాచు. నేను గోడ వైపు తిరుగుతాను."

తెల్లి దాన్ని ఊక పోగులో, డీజిలు డబ్బాల వెనక, మూరెడు లోతున పూడ్చి వచ్చింది. కర్రి ఇటు తిరిగింది. నాలుగు అడుగులు వేసి గాలి పీల్చింది. డీజిలు డబ్బాల వెనక్కి వెళ్ళి రెండు తవ్వులు తవ్వి చేప తల బయట పడేసింది. బొచ్చుగాడు అదే ఊపిరిలో దాన్ని మింగేశాడు.

కర్రి ఆగలేదు. ముక్కు నేలకు ఆనించి, ఖాళీ గోనెసంచుల దొంతర దగ్గరికి వెళ్ళింది.

"ఇక్కడ ఇంకో సరుకు కూడా ఉంది. మొదటి సంచి కింద. తోక నాలుగు వేళ్ళు బయటికుంది. బుంగయ్యగారూ, ముక్కు పోయిందో లేదో చూడ్డానికి ఇంత దూరం వచ్చారాండీ?"

సంచి ఎగిరిపడింది. బుంగయ్య కొట్టు కిందికి ఎలా దూరాడో ఎవరికీ కనబడలేదు. కాకులు సైతం నవ్వాయి. అరగంటలో లోవరాజు మిగతా మూడు తాళ్ళకూ మూడు మెడలు దొరికాయి. పులిగాడే ముందు నడిచాడు. నడిచినంత సేపూ, "నేను మొదటి నుంచీ ఇదే అంటున్నాను," అన్నాడు.

కర్రి కూడా వాళ్ళ వెంట వెళ్ళింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ హైమవతి లోవరాజుకు చెప్పిన మాటలు కర్రి శ్రద్ధగా విన్నది.

"ఇది మొదటి సూది. సరిగ్గా మూడు వారాలకు రెండోది వెయ్యాలి. మొదటిది నారు పోయడం లాంటిది, రెండోది ఊడ్పు. నారు పోసి ఊరుకుంటే పంట వస్తుందా?"

"రాదండి."

"ఆ తర్వాత ఏడాదికోసారి. టీకా వేశాం కదా అని మురుగు నీళ్ళు తాగనివ్వకు. దేనికైనా హద్దుంటుంది. గిన్నెలో శుభ్రమైన నీళ్ళు పెట్టు. ఆ పల్లం పూడ్పించమని మీ షావుకారుకు చెప్పు. వానల్లో వట్టి కాళ్ళతో అందులో దిగకు. ఈ జ్వరం మనుషులకూ వస్తుంది."

మిల్లుకు తిరిగి రాగానే కర్రి కొత్త చట్టం చెప్పింది. "పల్లం వైపు ఎవరూ మూతి చాచకూడదు. దాహమైతే గిన్నె. గిన్నె ఖాళీ అయితే మొరగండి, లోవరాజు పోస్తాడు. మూడు వారాల తర్వాత మళ్ళీ తాడు వస్తుంది. మళ్ళీ ఎదురెళ్ళాలి. మైలయ్య మావా, రోజులు నువ్వు లెక్కపెట్టు."

"ఇరవై ఒక్క నెమర్లు," అన్నాడు మైలయ్య.

ఒక ఎత్తు పారకపోతే ఇంకో ఎత్తు వేసేవాడే జిత్తులమారి. భయపెట్టి లొంగదీయలేని వాణ్ణి పొగిడి లొంగదీయాలని బుంగయ్యకు బాగా తెలుసు. రెండో వారంలో ఒక మధ్యాహ్నం, పులిగాడు ఒంటరిగా పల్లం పక్కన నడుస్తుంటే, బుంగ అంచున నిలబడి రెండు ముందుకాళ్ళూ జోడించాడు.

"అల్లుడుగారికి దండాలు."

"ఎవడ్రా నీకు అల్లుడు?"

"నోరు జారానండీ. మీ ఒంటి నిగనిగ చూసి ఏదో చనువు పుట్టింది. సూది పడిన కుక్క ఉక్కు ముక్కంట కదా! మావాళ్ళందరూ గడగడలాడుతున్నారు. కర్రమ్మ ఒక్కతే మిమ్మల్ని ఇంకా పాలు మరవని కూనలా చూస్తోంది. గిన్నెలో తాగాలంట, తాడుకు మెడ చాపాలంట. పులికి గిన్నేమిటండీ?"

పులిగాడి ఛాతీ పొంగింది. "నాకు ఎవరూ చెప్పక్కర్లేదు."

"మరదే. అయినా వద్దులెండి. ఆవిడ కోప్పడతాది. మీరు వెళ్ళి గిన్నెలోనే తాగండి."

ఆ మాట పులిగాడి వీపు మీద చెర్నాకోలలా తగిలింది. మూతి వంచి పల్లంలో నీళ్ళు కడుపారా తాగాడు. తాగేముందు వాసన చూశాడు. ఏమీ తగల్లేదు. ఎలా తగులుతుంది? పొగడ్త ముక్కు మూశాక అసలేమీ తగలదు.

ఇరవై ఒక్కటో నెమరు అయింది. లోవరాజు తాళ్ళతో వచ్చాడు. కర్రి, తెల్లి, బొచ్చుగాడు ఎదురెళ్ళారు. పులిగాడు లేడు. కర్రి ఊక పోగు వెనక, బండి కింద, గట్టు దాకా వెతికింది. వాడు కాలువ అవతల తుప్పల్లో పడుకొని, పిలిచిన ప్రతిసారీ చెవులు మూసుకున్నాడు. మూడు మెడలకే రెండో సూది పడింది.

మరో రెండు రోజులకు పులిగాడు వచ్చాడు. నడిచి రాలేదు, ఈడ్చుకుంటూ వచ్చాడు. వీపు విల్లులా వంగింది. గిన్నె ముందు పెడితే మొహం తిప్పుకున్నాడు. కర్రి వాడి కంట్లోకి చూసింది. అంచున పసుపు.

కిందటేడు చూసిన పసుపే. కర్రికి ఒక్క క్షణం పులిగాడు కనబడలేదు, మాచ కనబడ్డాడు.

"అక్కా," అన్నాడు పులిగాడు. "తాగాను. బుంగయ్య పొగిడాడు. తిట్టు."

"తిట్టడం బతికాక. నోరు మూసుకొని పడుకో."

ఒక్క పరుగున లోవరాజు గది ముందుకు వెళ్ళి మొరిగింది. అతను భోజనం చేస్తున్నాడు. అదిలించాడు. పోలేదు. చెంబు విసిరాడు. పోలేదు. లుంగీ అంచు పళ్ళతో పట్టి లాగితే, తిట్టుకుంటూ వచ్చి పులిగాణ్ణి చూశాడు. తిట్లు ఆగిపోయాయి. చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కొని, పులిగాణ్ణి గోనెలో చుట్టి, మోపెడ్ ముందు పెట్టుకొని ఆసుపత్రికి పరుగెత్తించాడు.

"ఈ పూటే తెచ్చావు గనక సరిపోయింది," అంది డాక్టరమ్మ. "ఇంకో రోజు ఆగితే కిడ్నీలు పోయేవి."

పదకొండు రోజులు. సెలైన్లు, సూదులు, మందులు. ఒక్క సూది తప్పించుకున్నవాడు ఎన్ని పొడిపించుకోవలసి వచ్చిందో వాడికే లెక్క తెలియదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

ఇక్కడ బుంగయ్య ఆనందానికి హద్దు లేదు. "ఒకటి పడింది! మిగతావీ అదే పల్లం చుట్టూ తిరుగుతున్నాయి. ఇవ్వాళ కాకపోతే రేపు," అని సంతానానికి చెప్పాడు. "నాలుగూ పడిన రోజున పట్టపగలు కళ్ళం మీద మనకు విందు." ఆ మాటలు కొట్టు గోడకు చెవి ఆనించిన తెల్లి విన్నది, కర్రికి చెప్పింది.

పులిగాడు ఎముకల గూడులా తిరిగి వచ్చాడు. మర్నాడు సాయంత్రం కర్రి వాళ్ళను మైలయ్య కొట్టం వెనక కూర్చోబెట్టింది. సేతు ఊరి మీద తిరగడానికి వెళ్ళిన సమయం చూసి పిలిచింది.

"బుంగయ్య మనం నలుగురం పడాలని చూస్తున్నాడు. పడదాం."

"ఏంటి?" అన్నాడు బొచ్చుగాడు.

"ఎల్లుండి ఆదివారం. మిల్లు ఉండదు. ఎండ కాస్తే కళ్ళం మీద ధాన్యం ఆరబోస్తారు. పొద్దున్నుంచీ నలుగురం పడుకుందాం. వీపు వంచి, తోక వేలేసి, అన్నం ముట్టకుండా."

"అన్నం ముట్టకుండానా?"

"నువ్వే ముఖ్యం బొచ్చూ. నువ్వు గిన్నె వదిలేశావంటే నమ్మని జీవి ఈ ఊళ్ళో ఉండదు."

"ఆదివారం చేపలన్నం అక్కా!"

"నీ నోటికి నువ్వు యజమానివా, నోరు నీకు యజమానా? ఆ రోజు తేల్చుకో." తర్వాత ఎద్దు వైపు తిరిగింది. "మావా, ముందరి బుంగ నీది. పులీ, నువ్వు పరిగెత్తలేవు. వెనక బుంగ నీది. వాళ్ళు బయటికి వచ్చాక వెళ్ళి దాని మీద పడుకో, అంతే. కొట్టుకు కాలువ వైపున ఒక పలక వంతెన ఉంది. దారి అదొక్కటే ఉంచుతాం. ఇంకొక్క మాట. ఎవ్వరూ కరవకూడదు. వాళ్ళ నెత్తురు మన నోట పడకూడదు. మొరగండి, తరమండి, పళ్ళు దాటి నాలుక బయటికి రాకూడదు."

"మొరిగే కుక్క కరవదని మనుషులు వెక్కిరిస్తారక్కా," అన్నాడు పులిగాడు.

"వెక్కిరించనీ. కరవగలిగీ కరవకపోవడం ఎంత కష్టమో వాళ్ళకేం తెలుసు?"

"సేతుకు చెప్పొద్దా?" అంది తెల్లి.

"చెప్పొద్దు. చూడనిస్తే చాలు."

ఆదివారం ఎండ ఫెళ్ళున కాసింది. కూలీలు ధాన్యం ఆరబోసి భోజనాలకు వెళ్ళారు. కళ్ళం అంచున నాలుగు కుక్కలు నాలుగు గుడ్డ పేలికల్లా పడి ఉన్నాయి. లోవరాజు గిన్నె తెచ్చి బొచ్చుగాడి ముక్కు కింద పెట్టాడు. పండుగప్ప చేపల పులుసు కలిపిన అన్నం. బొచ్చుగాడు కళ్ళు మూసుకున్నాడు. ఒక కన్నీటి చుక్క మూతి దాకా జారింది. తల మాత్రం ఎత్తలేదు.

"ఓరి నాయనో, నాలుగూ పడ్డాయి!" లోవరాజు మోపెడ్ కూడా మరిచిపోయి, ఆటో కోసం వీధిలోకి పరుగెత్తాడు.

సేతు గోడ మీది నుంచి అంతా చూసింది. "బొచ్చుగాడు అన్నం మానేశాడహో! నాలుగూ పోయేట్టున్నాయహో!" అని కొట్టు చుట్టూ మూడు చుట్లు తిరిగి అరిచింది. బుంగయ్యకు ఇంకే సాక్ష్యం కావాలి?

ముందు ఒక మూతి బయటికి వచ్చింది. తర్వాత పది. తర్వాత కళ్ళం అంతా బూడిద రంగైపోయింది. తాతలు, మనవలు, బాలింతలు, చూలింతలు, అందరూ ధాన్యం మీద పడ్డారు. బుంగయ్య మాత్రం తినలేదు. గెలిచినవాడు ముందు ఓడినవాణ్ణి చూడాలనుకుంటాడు. కర్రి మొహం ముందు నిలబడి మీసం దువ్వాడు.

"కర్రమ్మగారూ, లెగండి. ఇంటికి చుట్టాలొచ్చారు. మర్యాద చెయ్యరాండీ?"

కర్రి ఒక కన్ను తెరిచింది. ఆ కన్ను తెల్లగా, తేటగా ఉంది. పసుపు ఛాయ లేదు.

"లేచానండి," అంది.

ఆ తర్వాత లేచిన మొరుగు కాలువ అవతలి గట్టుకు తగిలి తిరిగి వచ్చింది. కర్రి ఒక పక్క నుంచి, తెల్లి ఒక పక్క నుంచి, ఉపవాసం కోపమంతా గొంతులో పెట్టుకొని బొచ్చుగాడు మధ్య నుంచి. పందికొక్కులు ముందరి బుంగకు పరుగెత్తాయి. అక్కడ మైలయ్య మెల్లగా నాలుగు కాళ్ళూ ముడిచి కూర్చుంటున్నాడు. కూర్చున్న ఎద్దును లేపగల పందికొక్కు ఇంకా పుట్టలేదు. వెనక బుంగకు పరుగెత్తాయి. అక్కడ పులిగాడు పడుకొని ఉన్నాడు.

బుంగయ్య రొప్పుతూ వాడి ముందు ఆగాడు. "అల్లుడూ! దారి ఇయ్యి బాబూ. నువ్వు పులివి."

పులిగాడి పళ్ళకూ బుంగయ్య మెడకూ మధ్య జానెడు దూరం. పదకొండు రోజుల మంట ఆ పళ్ళలో ఉంది. అయినా మూసిన నోరు మూసినట్టే ఉంచాడు.

"పులిని కాను. గిన్నెలో నీళ్ళు తాగే కుక్కను," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. "పలక అటుంది. వెళ్ళు."

ఒకదాని మీద ఒకటి పడుతూ, తొక్కుకుంటూ, మూడు తరాలూ పలక వంతెన దాటి అవతలి గట్టు చేరాయి. చివరగా బుంగయ్య దాటుతుండగా ఆటో వచ్చి ఆగింది. లోవరాజు దిగాడు. చావబోతున్నాయనుకున్న కుక్కలు పందికొక్కుల దండును తరుముతున్నాయి. అతను మాట్లాడకుండా వెళ్ళి, పలకను ఇటు లాగేశాడు. అప్పుడు బొచ్చుగాడి దగ్గరికి వచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టబోయాడు. బొచ్చుగాడు అప్పటికే గిన్నెలో తల పెట్టాడు.

అవతలి గట్టు మీద, పలక లాగినప్పుడు నీళ్ళలో పడి తడిసిన బుంగయ్య గొంతు చించుకున్నాడు. "దొంగ జబ్బు! దొంగ జబ్బు పడి మోసం చేశారు! నా నీళ్ళ పక్కనే తిరిగి ఎలా బతికార్రా?"

"నీ నీళ్ళు తాగలేదు గనక," అంది కర్రి. "కాలికి తగిలినా, తడి అంటుకున్నా, లోపల రెండు సూదుల కాపలా ఉంది గనక. ముక్కును నమ్మి ఒకణ్ణి పోగొట్టుకున్నాను బుంగయ్యా. ఇప్పుడు నీ సేతును నమ్మి నువ్వు కొంప పోగొట్టుకున్నావు. అటు తిరిగి చూడు, నీ కోసం కొత్త ఇరుగుపొరుగు వచ్చారు."

బుంగయ్య తిరిగి చూశాడు. తుప్పల్లో నుంచి రెండు ముంగిసలు లేచి నిలబడి, మర్యాదగా చూస్తున్నాయి.

మర్నాడే షావుకారు బుంగల్లో గాజు పెంకులు కొట్టి సిమెంటు పోయించాడు. పల్లంలో నాలుగు బండ్ల కంకర పోయించి చదును చేయించాడు. ఆ బండ్లు లాగింది మైలయ్యే. డాక్టరమ్మ చెప్పిన రోజున పులిగాడు తన రెండో సూది తనే నడిచి వెళ్ళి వేయించుకున్నాడు.

మరుసటి ఆషాఢంలో మైకు ఆటో మళ్ళీ గట్టు మీదుగా వెళ్ళింది. శుక్రవారం పొద్దున్న లోవరాజు తాళ్ళ కోసం గదిలోకి వెళ్ళి బయటికి వచ్చేసరికి, గేటు ముందు నాలుగు కుక్కలు వరసగా కూర్చొని ఉన్నాయి. అన్నిటికంటే ముందు పులిగాడు. చివర కర్రి. ముందున్నవాళ్ళు తప్పించుకోకుండా చూడ్డానికి కాదు. ఇక అలా చూడవలసిన పని లేదు గనక.

లోవరాజు తాళ్ళు చూసి, కుక్కలను చూసి, తాళ్ళను మళ్ళీ మేకుకు తగిలించాడు. నాలుగూ అతని వెనక నడిచాయి. కర్రి పల్లం ఉండిన చోట ఒక్క క్షణం ఆగింది. కంకర మీద లేత గడ్డి మొలిచింది. వాసన చూడలేదు. తల ఎత్తి నడిచింది.

ముక్కుకు అందని ముప్పుకు ముందుచూపే మందు.